భాగహారం ఫ్లాష్ కార్డులు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మూడో తరగతిలో భాగహారం మొదలవగానే తల్లిదండ్రుల సందేహాలూ మొదలవుతాయి. ఏటా దాదాపు అవే ప్రశ్నలు, అవే మాటల్లో. అన్నీ ఫ్లాష్ కార్డుల చుట్టూనే, అంటే ఒకవైపు లెక్క, వెనకవైపు జవాబు రాసుకునే చిన్న కార్డుల చుట్టూ. టీచరుగా ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. ప్రశ్నలను మీరు అడిగిన తీరులోనే ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా పాప మూడో తరగతి. ఇప్పుడే భాగహారం కార్డులు ఇవ్వొచ్చా, ఇంకా ఆగాలా?

తరగతిని బట్టి కాదు, ఎక్కాన్ని బట్టి చూడండి. ఐదో ఎక్కాన్ని వరస తప్పించి అడగండి: ఐదు ఏడులు ఎంత, ఐదు మూళ్లు ఎంత, ఐదు తొమ్మిదులు ఎంత. వెతుక్కోకుండా చెబితే 5తో భాగించే కార్డులు ఇవాళే ఇవ్వొచ్చు. ఏడో ఎక్కం ఇంకా రాలేదు కదా అని వాటిని ఆపక్కర్లేదు. ఏ ఎక్కం వస్తే ఆ ఎక్కం కార్డులు మొదలుపెట్టండి. పది ఎక్కాలూ పూర్తయ్యాకే భాగహారం అనుకునే ఇళ్లలో అది నాలుగో తరగతి చివరికి జరుగుతోంది. ఈలోగా బడిలో పెద్ద భాగహారాలు వచ్చేస్తున్నాయి.

ఎక్కాలు ఇరవై దాకా గడగడా అప్పజెబుతాడు. మరి 56 ÷ 7 ఎంతరా అంటే ఎందుకు దిక్కులు చూస్తాడు?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

ఎక్కం అప్పజెప్పడం వేరు, ఎక్కంలోని ఒక్కో ముక్క విడిగా గుర్తుండటం వేరు. చాలామంది పిల్లలకు ఎక్కం పాటలా వచ్చు. మూడో చరణం మధ్యలో ఏ మాట ఉందని అడిగితే మనమైనా పల్లవి నుంచి అందుకోవాల్సిందే. 56 ÷ 7 అడిగినప్పుడు మీవాణ్ణి ఒకసారి గమనించండి. పెదాలు కదులుతుంటాయి. వీపు వెనక దాచిన చేతిలో బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద నడుస్తుంటుంది. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్లు పద్నాలుగు, ఏడు మూళ్లు ఇరవై ఒకటి... ఎనిమిదో కణుపు దగ్గర యాభై ఆరు తగులుతుంది. అప్పుడు "ఎనిమిది" అంటాడు.

జవాబు సరైనదే. కానీ ఒక పెద్ద లెక్కలో ఇలా మూడు నాలుగుసార్లు మొదటికి వెళ్లి రావాల్సి వస్తే, తిరిగొచ్చేసరికి ఏ అంకె దించాడో మర్చిపోతాడు. ఫ్లాష్ కార్డులు వాడేది ఈ మొదటినుంచి అందుకునే అలవాటు మానిపించడానికే. 56, 7 కంటబడగానే 8 తట్టాలి. ఇరవయ్యో ఎక్కం దాకా అక్కర్లేదు, పది దాకా ఇలా వస్తే చాలు.

అర్థం తెలియకుండా కార్డులు చేతికిస్తే అది బట్టీయే కదా?

అర్థం తెలియకుండా ఇస్తే బట్టీయే. అందుకే ముందు రెండు మూడు రోజులు కార్డులు లేకుండా చింతపిక్కలతోనో గుండీలతోనో గడపండి. పన్నెండు పిక్కలు ఇచ్చి రెండు రకాలుగా అడగాలి. ఒకటి: "ముగ్గురికి సమానంగా పంచు. తలా ఎన్ని వచ్చాయి?" రెండు: "మూడేసి చొప్పున కుప్పలు పెట్టు. ఎన్ని కుప్పలయ్యాయి?" మొదటిదాంట్లో మంది తెలుసు, ఒక్కొక్కరి వాటా తెలియదు. రెండోదాంట్లో వాటా తెలుసు, కుప్పలెన్నో తెలియదు. రెంటికీ లెక్క 12 ÷ 3 అనే రాస్తాం, జవాబూ 4. ఇళ్లలో పంచడం మాత్రమే చూపించి వదిలేస్తారు. దాంతో "ఒక్కో పెట్టెలో 6 మామిడిపళ్లు పడతాయి, 48 పళ్లకు ఎన్ని పెట్టెలు కావాలి?" అన్న లెక్క రాగానే గుణించాలా భాగించాలా అని పిల్లలు తడబడతారు.

ఒక లెక్కకు తనే ఒక కథ చెప్పగలిగితే అర్థమైందనే లెక్క. "20 ÷ 5కి ఒక కథ చెప్పు" అని అడిగి చూడండి.

వేళ్లు లెక్కపెడుతుంది. కొట్టి మానిపించమంటారు మా అత్తగారు. మానిపించాలా?

కొట్టొద్దు, తిట్టొద్దు. చెయ్యి వెనక్కి దాచుకోవడం నేర్చుకుంటుంది, అంతే. వేళ్లు వాడుతోందంటే ఆ ముక్క ఇంకా గుర్తుకు ఎక్కలేదని మీకు తెలుస్తోంది, అది మీకు పనికొచ్చే సమాచారం. ఏ కార్డు దగ్గర వేళ్లు కదిలాయో ఆ కార్డు మీద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకోండి. వారంలో ఎక్కువసార్లు అడగాల్సినవి అవే. గుర్తుకు ఎక్కినవాటికి వేళ్లు వాటంతటవే ఆగిపోతాయి.

మొత్తం ఎన్ని గుర్తుపెట్టుకోవాలి? తలుచుకుంటేనే నాకే టెన్షన్‌గా ఉంది.

లెక్క వేద్దాం. భాగించే సంఖ్య 1 నుంచి 10 దాకా, జవాబూ 1 నుంచి 10 దాకా అనుకుంటే 100 కార్డులు. ఒకట్లు, పదులు ఎవరికైనా వచ్చు, అవి తీసేస్తే 64. వీటిలో 2, 5 ఉన్నవాటిని పిల్లలు త్వరగా పట్టేస్తారు. అవీ తీసేస్తే మిగిలేది 36. ఇందులోనూ 42 ÷ 6 = 7, 42 ÷ 7 = 6 అనేవి జంటలు. 9 ÷ 3, 16 ÷ 4, 36 ÷ 6, 49 ÷ 7, 64 ÷ 8, 81 ÷ 9 అనే ఆరింటికి జంట ఉండదు. జంటను ఒకటిగా లెక్కిస్తే కొత్తగా పట్టుబడాల్సినవి 21 మాత్రమే.

ఇందులో నిజంగా ఏడిపించేవి ఆరు సంఖ్యలు: 42, 48, 54, 56, 63, 72. ఏ ఊరి పిల్లలైనా, ఏ మీడియమైనా ఇవే. ఈ ఆరింటి కోసం వచ్చే పన్నెండు కార్డుల మీదే ఎక్కువ రోజులు గడుస్తాయి.

## కార్డుల తయారీ

కొన్న సెట్ మంచిదా, ఇంట్లో చేసుకోవాలా?

ఇంట్లో చేసుకున్నవే మేలు. కొన్న పెట్టెలో వందకు పైగా కార్డులు ఒకేసారి వస్తాయి, వాటిని చూడగానే పిల్లలు బెదిరిపోతారు. కొన్నింట్లో 12 దాకా భాగహారాలు ఉంటాయి, మనకు ఇప్పుడు అవసరం లేనివి.

పాత పెళ్లి శుభలేఖలు దీనికి భలే పనికొస్తాయి. మందంగా ఉంటాయి, లోపలివైపు చాలావరకు ఖాళీగా ఉంటుంది. పేకముక్కంత సైజులో కత్తిరించండి. తెల్ల చార్టు వాడితే మాత్రం ఒక జాగ్రత్త: స్కెచ్ పెన్ సిరా అవతలికి దిగుతుంది. ట్యూబ్‌లైటు మీ వెనక ఉండేలా కార్డు పట్టుకుని కూర్చుంటే వెనకున్న 8 పాపకు తిరగబడి కనిపిస్తుంది. పిల్లలు ఇది మొదటిరోజే కనిపెడతారు, మనకు చెప్పరు. బాల్ పెన్నుతో ఒకటికి రెండుసార్లు దిద్దితే చాలు.

అంకెలు మాత్రం పిల్లల చేతే రాయించండి. గీతలు వంకరపోయినా పర్వాలేదు.

కార్డు మీద ఏం రాయాలి?

ముందువైపు 56 ÷ 7 మాత్రమే. వెనకవైపు పెద్దగా 8, దాని కింద చిన్న అక్షరాల్లో 7 × 8 = 56. ముందువైపు బొమ్మలు, రంగుల బోర్డర్లు వద్దు. "పువ్వు ఉన్న కార్డు అంటే తొమ్మిది" అని బొమ్మను గుర్తుపెట్టుకునే పిల్లల్ని చూశాను. 6, 9 కింద గీత పెట్టండి, తలకిందులైతే తికమక రాదు.

త్రికోణం కార్డులు అంటున్నారు. అవేంటి?

మూడు మూలల్లో మూడు సంఖ్యలు: పైన 56, కింద ఒకవైపు 7, ఇంకోవైపు 8. పైనున్న పెద్ద సంఖ్యను వేరే రంగులో రాస్తారు. బొటనవేలితో 8ని మూసి చూపిస్తే 56ని 7తో భాగించాలి. 7ని మూస్తే 8తో భాగించాలి. 56ని మూస్తే గుణించాలి. గుణకారం, భాగహారం రెండూ ఒకే మూడు సంఖ్యల మధ్య జరుగుతున్నాయని పిల్లలకు కంటికి కనిపిస్తుంది. నాకు మామూలు కార్డులకంటే ఇవే ఇష్టం.

2 నుంచి 9 దాకా ఇలాంటివి 36 చేస్తే మొత్తం వచ్చేస్తుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. బడిలో, పరీక్షలో లెక్క త్రికోణంలో ఉండదు. కాబట్టి త్రికోణాలతో నేర్పించి, పట్టుబడ్డాక 56 ÷ 7 అని రాసిన మామూలు కార్డులతో అడగండి.

మేం చదివినప్పుడు జవాబు కుడివైపు బ్రాకెట్ పక్కన రాసేవాళ్లం. ఇప్పుడు పైన రాస్తున్నారు. కార్డు మీద ఏది రాయాలి?

మీ పిల్లల నోట్‌బుక్‌లో ఎలా ఉందో అలాగే. రెండూ సరైనవే. అమ్మ ఒక తీరు, టీచరు ఒక తీరు నేర్పిస్తే మాత్రం జవాబు ఎక్కడ రాయాలన్న దగ్గరే లెక్క ఆగిపోతుంది. పట్టుబడిన కార్డులను తర్వాత ÷ గుర్తు, బ్రాకెట్, 7 × __ = 56 అనే మూడు రూపాల్లోనూ రాసి కలిపేయండి.

సున్నా, ఒకటి కార్డులు పెట్టాలా?

నాలుగు చాలు: 7 ÷ 1, 7 ÷ 7, 0 ÷ 7, ఇంకో సంఖ్యతో ఇలాంటిది ఒకటి. 0 ÷ 7 అంటే లడ్డూలే లేవు, ఏడుగురికి తలా ఎన్ని? సున్నా. 7 ÷ 0 కార్డు మాత్రం చేయకండి. సున్నాను దేంతో గుణించినా 7 రాదు, అందుకే ఆ లెక్కకు జవాబే లేదు. పిల్లలు తప్పకుండా అడుగుతారు, అడిగినప్పుడు ఈ మాటే చెప్పండి. సున్నాతో భాగిస్తే సంఖ్య మారదని 9వ శతాబ్దపు గణితవేత్త మహావీరాచార్యుడే పొరపాటుగా రాశాడు. ఆయన గణితాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అంతటివాడికే కుదరని చోట మూడో తరగతి పిల్ల తడబడిందని చిరాకుపడకండి.

## రోజువారీ సాధన

రోజుకు ఎంతసేపు కూర్చోబెట్టాలి?

ఐదు నిమిషాలు, మహా అయితే ఏడు. ఆదివారం గంటసేపు కూర్చోబెట్టడం కంటే రోజూ ఐదు నిమిషాలు ఎంతో మెరుగు. ట్యూషన్ అయ్యాక రాత్రి తొమ్మిదింటికి తీయకండి, అప్పటికి మీ ఓపికా అయిపోతుంది. పొద్దున జడ వేస్తూ, స్కూల్ బస్సు కోసం నిలబడి, కుక్కర్ మూడో విజిల్ వచ్చేలోపు ఎప్పుడైనా సరే. "ఇంకొక్క రౌండ్ అమ్మా" అని పిల్లలు అడుగుతుండగానే ఆపేయడం మంచిది.

ఒకసారికి ఎన్ని కార్డులు?

పది. అందులో ఏడు బాగా వచ్చినవి, మూడు కొత్తవి. మొత్తం కొత్తవే ఇస్తే పదిలో ఎనిమిది తప్పు పోతాయి, రెండో రోజు కార్డులు ఎక్కడ పెట్టారో మీరే వెతుక్కోవాలి. కొత్త కార్డును ఒకసారి చూపించి పక్కన పెట్టేయకూడదు. రెండు పాత కార్డుల తర్వాత మళ్లీ అడగండి, తర్వాత నాలుగు కార్డులు గడిచాక, చివర్లో ఇంకోసారి. మధ్యలో కాస్త మరిచిపోయే వ్యవధి ఇచ్చి, గుర్తు తెచ్చుకునేలా చేస్తేనే నిలుస్తుంది.

ఏ కార్డు రోజూ అడగాలి, ఏది అప్పుడప్పుడు అడగాలి? గజిబిజి అయిపోతోంది.

మూడు డబ్బాలు పెట్టుకోండి, పాత స్వీటు డబ్బాలైనా సరే. మొదటి డబ్బాలోవి రోజూ, రెండో డబ్బాలోవి రెండు రోజులకోసారి, మూడో డబ్బాలోవి వారానికోసారి. టక్కున చెబితే కార్డు తర్వాతి డబ్బాలోకి వెళ్తుంది. తప్పు చెప్పినా, వేళ్లు లెక్కపెట్టినా తిరిగి మొదటి డబ్బాకు వస్తుంది. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కార్డును ఒక డబ్బాలోంచి ఇంకోదాంట్లో వేసే పని పిల్లలకే ఇవ్వండి. చాలామందికి లెక్కకంటే ఆ వేయడమే సరదా.

ఏ వరసలో నేర్పాలి? రెండు నుంచి తొమ్మిది దాకా వరసగానా?

వరసగా వద్దు. ముందు 10, 2, 5. పదితో భాగించడమంటే చివరి సున్నా తీసేయడం. రెండంటే సగం. ఐదుకు ఒక చిట్కా ఉంది: సంఖ్యను రెట్టింపు చేసి సున్నా తీసేయాలి. 35 రెట్టింపు 70, సున్నా తీస్తే 7.

తర్వాత 4. సగంలో సగం: 36లో సగం 18, అందులో సగం 9. ఆ తర్వాత 3. దాని వెనకే 9ని తెచ్చేయండి. పెద్ద సంఖ్య కదా అని చివరికి నెట్టేస్తారు గానీ నిజానికి అది తేలిక. 90 లోపు తొమ్మిదో ఎక్కంలోని సంఖ్యలకు, పదుల స్థానంలో ఉన్న అంకెకు ఒకటి కలిపితే జవాబు. 63 ÷ 9కి 6 + 1, అంటే 7. 72 ÷ 9కి 7 + 1, అంటే 8. సరిచూసుకోవడానికి రెండంకెలూ కలిపితే తొమ్మిది రావాలి.

6, 8, 7 చివరగా. ఏడుకు మంచి చిట్కా ఏదీ లేదు. అక్కడికి వచ్చేసరికి మిగతా కార్డులన్నీ వచ్చి ఉంటాయి కాబట్టి కొత్తగా మిగిలేది 49 ÷ 7 ఒక్కటే.

తప్పు చెబితే "బాగా ఆలోచించు" అంటాను. అది కరెక్టేనా?

ఫ్లాష్ కార్డుల దగ్గర ఆ మాట పనిచేయదు. తెలియని ముక్క ఎంత ఆలోచించినా తట్టదు. పిల్లలు అప్పుడు మీ మొహం చూస్తూ ఊహించడం మొదలుపెడతారు. "ఏడు? కాదా... తొమ్మిది?" ఈ తప్పు జవాబులు కూడా గుర్తుండిపోతాయి, అదీ నష్టమే.

ఇలా చేయండి. 54 ÷ 6 చూపించారు. పాప "ఎనిమిది" అంది. మీరు మామూలు గొంతుతో "యాభై నాలుగులో ఆర్లు తొమ్మిది" అనేసి కార్డు తిప్పి చూపించండి. పాప చేత ఒకసారి ఆ వాక్యం పూర్తిగా అనిపించండి. మూడు కార్డుల తర్వాత మళ్లీ అడగండి. అంతే. "నిన్ననే చెప్పాను కదా", "పక్కింటి వాడికి అన్నీ వచ్చు" లాంటివి నోటి చివరిదాకా వస్తాయి, అక్కడే ఆపుకోవాలి.

జవాబు చెబుతుంది గానీ పది సెకన్లు పడుతుంది. ఇది వచ్చినట్టా, రానట్టా?

దారి తెలిసింది, ఇంకా గుర్తుకు ఎక్కలేదు. మీరు మనసులో ఒకటి, రెండు, మూడు అనుకునేలోపు చెబితేనే వచ్చినట్టు. ఆలస్యంగా చెప్పినా "కరెక్ట్" అనండి, కానీ ఆ కార్డును రోజూ అడిగే కట్టలోనే ఉంచండి. ఎలా ఆలోచించిందో అడగడమూ మంచిదే. "72లో 8లు... పది ఎనిమిదులు 80, ఒక ఎనిమిది తీసేశా" అంటే అది తెలివైన దారి, నాలుగు రోజుల్లో దానంతటదే వేగం పుంజుకుంటుంది. మొదటినుంచి ఎక్కం చదువుకుంటోందంటే మాత్రం "పది ఎనిమిదులు ఎంత? అక్కణ్ణుంచి వెనక్కి రా" అని దగ్గరి దారి చూపించాలి.

స్టాప్‌వాచ్ పెట్టి చేయించనా?

సగానికి పైగా కార్డులు వచ్చేదాకా వద్దు. గడియారం కనిపిస్తే కొంతమంది పిల్లలకు వచ్చిన జవాబూ రాదు. తర్వాతైనా నిన్నటి తన స్కోరుతోనే పోటీ పెట్టండి, అన్నయ్యతో వద్దు. గడియారం చూడగానే చెమటలు పట్టే పిల్లలకైతే అది లేకుండానే పూర్తి చేయొచ్చు.

ఇద్దరు పిల్లలు. పెద్దది ముందే జవాబు అరిచేస్తుంది. ఏం చేయాలి?

పెద్దదానికి టీచరు ఉద్యోగం ఇవ్వండి. కార్డు పట్టుకోవడం, జవాబు సరిచూడటం ఆమె పని. వెనక జవాబు తన చేతిలోనే ఉంటుంది కాబట్టి అరవాలన్న సరదా పోతుంది. ఆమెకు వేరే కట్ట, వేరే సమయం పెట్టండి. ఇద్దరినీ ఒకే కార్డుకు పోటీ పెడితే రోజూ చిన్నవాడే ఓడిపోతాడు.

## చిక్కుకున్నప్పుడు

48, 54, 56 ఎప్పుడూ కలిపేస్తుంది. ఎంత చెప్పినా అంతే.

మూడూ ఒకే వారంలో నేర్పి ఉంటారు. ఇవి దగ్గర దగ్గర సంఖ్యలు, 6, 7, 8, 9 వీటిలోనే తిరుగుతుంటాయి, అందుకే ఒకటి ఇంకోదాన్ని చెరిపేస్తుంది. రెంటిని పక్కన పెట్టి ఒక్కదాన్నే వారం పాటు అడగండి. ఒక్కోదానికి ఒక్కో ఆధారం ఇవ్వండి. 56కి: 5, 6, 7, 8 వరసగా రాసి చూపించండి, 56 = 7 × 8. 48కి: ఆరు నాలుగులు 24, దానికి రెట్టింపు 48, కాబట్టి ఆరు ఎనిమిదులు. 54కి: అంకెలు కలిపితే తొమ్మిది వచ్చింది, అంటే తొమ్మిదో ఎక్కంలో ఉంది.

36 ÷ 4 తొమ్మిది అంటాడు. 36 ÷ 9 అంటే తెల్లమొహం వేస్తాడు. రెండూ ఒకటే కదా?

మనకు ఒకటే, వాడికి ఇంకా రెండు వేర్వేరు లెక్కలు. జంట కార్డులు రెంటినీ పక్కపక్కన నేల మీద పెట్టి, 36 చింతపిక్కల్ని నాలుగు వరసల్లో తొమ్మిదేసి పేర్చమనండి. ఇటువైపు కూర్చుని చూస్తే నాలుగు వరసలు. లేచి పక్కకు వచ్చి కూర్చోమంటే తొమ్మిది వరసలు. పిక్క ఒక్కటీ కదల్లేదు. ఇలా నాలుగైదు జంటలు చూశాక మిగతావి వాడే చెప్పేస్తాడు.

కార్డులు తీయగానే ఏడుపు మొదలు. మానేయనా?

ఒక వారం మానేయండి. తర్వాత కొత్తవి ఒక్కటి కూడా లేకుండా, అన్నీ వచ్చిన కార్డులతో, రెండే నిమిషాలు మొదలుపెట్టండి. పిల్లలే మిమ్మల్ని అడిగేలా ఆట తిప్పేయొచ్చు: మీరు జవాబు చెప్పాలి, అప్పుడప్పుడు కావాలని తప్పు చెప్పాలి. మీ తప్పు పట్టుకోవాలంటే జవాబు తనకు తెలిసి ఉండాలి కదా. నాన్నను పట్టుకున్నామన్న ఆనందం మామూలుగా ఉండదు.

బాగా వచ్చాయని పక్కన పెట్టినవి పది రోజులకే మర్చిపోయింది!

మామూలే. మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత సమయం పట్టదు. వచ్చిన కార్డుల్ని అటక మీద పెట్టేయకుండా వారానికోసారైనా ఒక రౌండ్ వేయండి.

ఎంత చేయించినా రావడం లేదు. మా బాబుకు ఏదైనా సమస్య ఉందంటారా?

నెల రెండు నెలల ఆలస్యానికి కంగారుపడక్కర్లేదు. నాలుగు, ఐదు తరగతులకు వచ్చాక కూడా 8 పెద్దదా 6 పెద్దదా అన్నదగ్గర తడబడటం, చిన్న కూడికలు కూడా ప్రతిసారీ మొదటినుంచి లెక్కపెట్టడం, గడియారం, చిల్లర డబ్బులు అంతుపట్టకపోవడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే ముందు టీచరుతో, తర్వాత పిల్లల డాక్టరుతో మాట్లాడండి. డిస్కాల్కులియా అనే అభ్యసన ఇబ్బంది ఉంది. తెలివితేటలకూ దానికీ సంబంధం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. నిపుణులు పరీక్షించి ధ్రువీకరిస్తే పరీక్షల్లో అదనపు సమయం లాంటి సదుపాయాలు అడగొచ్చు. నిర్ధారణ నిపుణులే చేయాలి. ఫ్లాష్ కార్డులు రాలేదని మీరే పేరు పెట్టేయకండి.

## బడి, భాష, పరీక్షలు

పాప ఇంగ్లిష్ మీడియం. నాకు ఎక్కాలు తెలుగులోనే వచ్చు. తెలుగులో అడిగితే తికమక పడుతుందా?

అర్థం చెప్పేటప్పుడు తెలుగే వాడండి. "తలా ఎన్ని", "మూడేసి" అంటే ఇంట్లో పెరిగిన పిల్లకు ఇట్టే తెలుస్తుంది. కార్డు జవాబు మాత్రం పాప బడిలో ఏ భాషలో ఎక్కం నేర్చుకుందో ఆ భాషలోనే చెప్పనివ్వండి. "సెవెన్ ఎయిట్స్ ఆర్ ఫిఫ్టీ సిక్స్" అని నేర్చుకున్న పిల్లను "యాభై ఆరులో ఏడులు ఎన్ని?" అని అడిగితే ముందు యాభై ఆరంటే ఎంతో తేల్చుకోవాలి. అరవై, డెబ్బై, ఎనభై దగ్గర తడబడే ఇంగ్లిష్ మీడియం పిల్లలు చాలామంది ఉన్నారు. లెక్క రాలేదేమో అని మీరు పొరబడతారు. నోటితో అడగకుండా కార్డు చూపిస్తే ఈ గొడవే ఉండదు, అంకెకు భాష లేదు.

మనవడు అమెరికాలో థర్డ్ గ్రేడ్. వీడియో కాల్‌లో మేం చేయించొచ్చా?

నిక్షేపంగా. అక్కడ చాలా రాష్ట్రాల్లో పాటించే కామన్ కోర్ ప్రమాణాల ప్రకారం థర్డ్ గ్రేడ్ ముగిసేసరికి 100 లోపు గుణకార, భాగహారాలు ధారాళంగా రావాలి. కాబట్టి మీరు చేయించేది బడికి పనికొచ్చేదే. కార్డు మీద అంకెలు లావుగా రాసి కెమెరాకు దగ్గరగా పట్టుకోండి. మీ తెరపై తిరగబడి కనిపించినా అవతల సరిగ్గానే కనిపిస్తాయి. అక్కడి టీచర్లు బొమ్మలతో, వరసలతో నేర్పిస్తారు. "మా కాలంలో ఇలా లేదు" అనకుండా వాడినే తాతయ్యకు నేర్పమనండి.

అబాకస్ క్లాసుకు పంపుతున్నాం. ఇవి కూడా కావాలా?

కావాలి. అబాకస్‌లో కూడికలు, తీసివేతలతో మొదలై భాగహారం పై లెవెల్స్‌లో వస్తుంది. అక్కడ కూడా భాగించాలంటే ఎక్కాలు రావాల్సిందే.

ఫోన్‌లో యాప్ ఉంది కదా, కార్డులెందుకు?

యాప్ వాడొచ్చు, తప్పేం లేదు. కానీ చాలా యాప్‌లు నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి నొక్కమంటాయి. గుర్తుపట్టడం తేలిక, గుర్తు తెచ్చుకోవడమే కష్టం, మనకు కావలసింది ఆ రెండోదే. జవాబు తనే టైప్ చేసే యాప్ అయితే మేలు. వేళ్ల కణుపుల మీద నడిచే బొటనవేలు మాత్రం యాప్‌కు కనిపించదు.

నవోదయ ప్రవేశ పరీక్షకు ఇవి ఉపయోగపడతాయా?

నేరుగా కాదు గానీ బాగా ఉపయోగపడతాయి. ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో మొత్తం 80 ప్రశ్నలకు రెండు గంటలు. అందులో అంకగణితం 20 ప్రశ్నలు, 25 మార్కులు, సుమారు అరగంట. అంటే ప్రశ్నకు నిమిషంన్నర. కసాగు, గసాభా, భిన్నాలు, శాతాలు, వేటిలోనైనా లోపల జరిగేది చిన్న చిన్న భాగహారాలే. 54/72ని చూసి రెండూ తొమ్మిదో ఎక్కంలోవని తట్టి 6/8 అని, ఆపైన 3/4 అని రాసే పిల్లకు పది సెకన్లు పడుతుంది. రెండేసితో కొట్టేస్తూ కూర్చునే పిల్లకు నిమిషం అక్కడే పోతుంది.

## కార్డుల తర్వాత

శేషం వచ్చే లెక్కలకు కార్డులు ఎలా?

ముందు మిగలకుండా పోయేవి పూర్తిగా రావాలి. తర్వాత ఒక కార్డు మీద 58 ÷ 7 రాసి ఒకే ప్రశ్న అడగండి: "ఏడో ఎక్కంలో 58 దాటకుండా ఆగేది ఎక్కడ?" 56 దగ్గర. అంటే ఎనిమిది, మిగిలింది 2. వెనకవైపు "8, శేషం 2" అని రాయండి. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు దగ్గరగా ఉందని దాటిపోవడం: 62 ÷ 7 అంటే 63 పక్కనే ఉంది కదా అని 9 అంటారు. ఆ రకం కార్డులు కావాలనే నాలుగు పెట్టండి. 41 ÷ 6, 53 ÷ 9, 47 ÷ 8, 62 ÷ 7. శేషం ఎప్పుడూ భాగించే సంఖ్యకంటే చిన్నదే. 7తో భాగిస్తే శేషం 7 వచ్చిందంటే ఇంకొకరికి పంచాల్సింది మిగిలిపోయినట్టే.

కార్డులన్నీ వచ్చాయి. అయినా పెద్ద భాగహారం తప్పు చేస్తున్నాడు. ఎందుకు?

పెద్ద భాగహారంలో పని ఒకటి కాదు. 752 ÷ 8 తీసుకోండి. 75లో ఎనిమిదులు తొమ్మిది, 72 రాసి తీసేస్తే 3, పక్కన 2 దించితే 32, అందులో ఎనిమిదులు నాలుగు. జవాబు 94. ఇందులో కార్డులు సాయపడేది 9, 4 తట్టే దగ్గర మాత్రమే. తీసివేతలో తప్పుతోందా, అంకె దించడం మర్చిపోతోందా అని నోట్‌బుక్ చూసి కనిపెట్టాలి. గళ్ల కాగితం మీద చేయిస్తే వరసలు వంకరపోక సగం తప్పులు తగ్గుతాయి. ఇంకో పెద్ద తప్పు జవాబు మధ్యలో సున్నా మింగేయడం. 824 ÷ 4కు 206 రావాలి, 26 అని రాస్తారు. "ఎనిమిది వందల్ని నలుగురికి పంచితే తలా 26 రూపాయలేనా?" అని అడిగితే వాళ్లకే నవ్వొస్తుంది.

ఈ లెక్క తేలికేమీ కాదు. గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి చేసే అసర్ సర్వేలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడమే లెక్కల్లో పై స్థాయి. 2024 నివేదిక ప్రకారం దేశవ్యాప్తంగా ఐదో తరగతి పిల్లల్లో అది చేయగలిగింది 30 శాతం చిల్లర మాత్రమే.

ఎప్పుడు ఆపేయొచ్చు?

అన్ని కార్డులూ కలిపి, వరస లేకుండా అడిగితే ఒక్కోటి మూడు సెకన్లలోపు రావాలి. నెల తర్వాత చెప్పకుండా తీసి అడిగినా అలాగే రావాలి. అప్పుడు రోజూ చేయడం ఆపేయండి. కార్డులకు రబ్బరు బ్యాండు వేసి, మీ ఫోన్ నంబరు రాసిన కవర్లో పెట్టండి, ఎవరో ఒకరు అరువడుగుతారు. వేసవి సెలవుల్లో కొంత జారిపోతుంది కాబట్టి జూన్‌లో బళ్లు తెరిచే ముందు వారం రోజులు మళ్లీ ఒక రౌండ్ వేయించండి. ఆ వారంలో తడబడిన కార్డులు మాత్రమే జూలై దాకా కొనసాగిస్తే చాలు.